తెల్లవి పాలకి, ఎర్రవి రక్తానికి

మా ఆయనకు అబద్ధం చెప్పడం రాదు. పెళ్లైన ఇన్నేళ్లలో ఆయన చెప్పిన చెప్పుకోదగ్గ అబద్ధం ఒక్కటే. అదీ నాలుగు మాటలు దాటలేదు. దాని పనితనం చూశాక, ఆయన ఆ విద్యను అంతటితో వదిలేయడమే అందరికీ మంచిదైందనుకుంటాను.

తొంభైల మొదట్లో మేం తార్నాకలో రెండు గదుల వాటాలో ఉండేవాళ్లం. ఆయనకు ప్రభుత్వాఫీసులో గుమాస్తా ఉద్యోగం. నేను యూనివర్సిటీలో వృక్షశాస్త్రంలో పరిశోధన చేస్తున్నాను. నా పని వేరుశనగ మొక్కల మీద హార్మోన్లు చల్లి, అవి ఏం చేస్తాయో రాసుకోవడం. లీటరు నీళ్లలో కంటికి ఆననంత మందు కలిపి చల్లితే చాలు, పూత పూయాల్సిన మొక్క ఆ పని మానేసి ఆకులు వేసుకుంటూ కూర్చునేది. ఇంత చిన్న మోతాదుకు అంత మొక్కా మనసు మార్చుకుంటుందని మూడేళ్లుగా గ్రాఫులు గీస్తున్నదాన్ని నేను. ఈ సంగతి ముందే చెప్పేస్తున్నాను. తర్వాత ఎలాగూ మీరే అడుగుతారు.

పాప పుట్టిన రెండు నెలలకు మళ్లీ క్యాంపస్‌కి వెళ్లడం మొదలుపెట్టాను. ఫెలోషిప్పు ఇంకో ఏడాదే ఉంది. మా గైడు మంచివాడు. "మొదటిసారి కాబట్టి ఏమీ అనడం లేదమ్మా. రెండోది మాత్రం థీసిస్ ఇచ్చాకే," అన్నాడు, ఏదో పుస్తకం వాపసు గడువు చెప్పినట్టు. పాపను చూసుకోవడానికి డోన్ నుంచి మా అత్తగారు వచ్చారు. ఆవిడ లెక్క వేరు.

"ఒకదాని ఎనక ఒకటి కనేస్తే పీడ పోతాది మే. ఇద్దరూ కలిసి పెరుగుతారు. నా ఒంట్లో ఓపిక ఉన్నప్పుడే ఇద్దర్నీ సాకిపెడతా. నీ సదువు నువ్వు సదువుకో."

ఇది దెప్పిపొడుపు కాదు. ఆవిడ నిజంగానే సాయం చేస్తానంటున్నారు. అందుకే జవాబు చెప్పడం మరీ కష్టమైంది.

పాలిచ్చినన్నాళ్లూ మళ్లీ నెల తప్పదని నాకు చిన్నప్పటి నుంచీ విన్న జ్ఞానం ఒకటుండేది. దాన్ని మాకు వాటా అద్దెకిచ్చిన ఇంటావిడ ఒక్క నిమిషంలో కొట్టిపారేసింది. ఆవిడ భర్త లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో పనిచేసేవాడు. ఇద్దరు కొడుకులు. ఒకే తరగతి చదువుతుంటే కవలలనుకున్నాను.

"కవలలా?" అని నవ్వింది. "పెద్దోనికి పాలిస్తుంటిని గదా, ఏమైతది అనుకున్న. ఇగో, గిదైంది," అని చిన్నవాడి నెత్తి మీద ఒకటి మొట్టింది. వాడు అప్పుడు ఏ తప్పూ చేయలేదు, పుట్టడం తప్ప.

ఆ సాయంత్రమే మా ఆయన్ని తార్నాక చౌరస్తాలో మందుల షాపుకి పంపాను. ఆయన వెళ్లి, జనం తగ్గేదాకా పక్కన నిలబడి, పళ్లపొడి కొని, తర్వాత అసలు సంగతి గొణిగాడట. షాపాయన చెవి ముందుకు పెట్టి, "ఏంది సార్? గట్టిగ చెప్పుండ్రి, గీడ అందరు మనోల్లే," అన్నాడట. ఆయన ఇంకాస్త చిన్నగా చెప్పాడు. షాపాయన లోపలికి తిరిగి, వీధి చివరి బస్టాపుకి వినపడేలా, "అరే, పిల్లలు కాకుండ గోలీలు ఒకటి తీయ్!" అన్నాడట. నీ భార్య ఏం చేస్తోంది, బిడ్డకు పాలిస్తోందా అని షాపాయన అడగలేదు. అడిగినా చెప్పేంత సేపు మా ఆయన అక్కడ నిలబడి ఉండేవాడు కాదు.

దారిలో ఆయన ఇంకో జాగ్రత్త తీసుకున్నాడు. అట్టపెట్టె మీద నవ్వుతున్న భార్యాభర్తల బొమ్మ ఉందట. అమ్మ చూస్తే బాగోదని పెట్టెనూ, అందులో మడిచిపెట్టిన కాగితాన్నీ బస్టాపు పక్క చెత్తకుండీలో పడేసి, మాత్రల అట్ట మాత్రం చొక్కా జేబులో పెట్టుకుని వచ్చాడు.

ఇంట్లోకి వచ్చి చొక్కా విప్పి చిలక్కొయ్యకు తగిలించాడు. అత్తగారు ఆ చొక్కా ఉతకడానికి తీసుకుని జేబులు తడిమారు. ఇదంతా పది నిమిషాల్లో జరిగింది.

"ఏమిరా ఇవి?"

"మాత్రలు."

"మాత్రలని నాకూ తెలుసు. ఎవురికి?"

"దానికి."

"ఏమైంది దానికి?"

ఆయన ఆ అట్టకేసి చూశాడు. మూడు వరసలు తెల్ల మాత్రలు, ఆఖరి వరస ఎర్రవి. ఆయన జీవితంలోని ఏకైక కల్పన అప్పుడు పుట్టింది.

"తెల్లవి పాలకి. ఎర్రవి రక్తానికి."

అత్తగారు అట్టను వెలుతురుకి పెట్టి చూశారు. రంగులు సరిపోయాయి. ఆవిడ ముఖం విచ్చుకుంది. "మంచి పని చేసినావురా," అని కొడుకు తల నిమిరారు. నేను గుమ్మంలో పాపనెత్తుకుని నిలబడి ఉన్నాను. కాదని చెప్పడానికి నాకు ఒక అర నిమిషం దొరికింది. ఆ అర నిమిషం గురించి తర్వాత చాలాసార్లు ఆలోచించాను. నిజానికి ఆ క్షణంలో నాకు హాయిగా అనిపించింది. దాచుకునే పని తప్పింది కదా అని.

ఆ రోజు నుంచి ఆ అట్ట దేవుడి గూట్లో కుంకుమ భరిణె పక్కన ఉండేది. సాయంత్రం దీపం పెట్టగానే అత్తగారు ఒక గ్లాసు పాలు, అరచేతిలో ఒక మాత్ర పట్టుకుని వచ్చేవారు. బాణం గుర్తుల ప్రకారం, ఒక్కటీ తప్పకుండా. రోజూ గుర్తుపెట్టుకోవడమే ఈ మాత్రలతో పెద్ద చిక్కని అందరూ అంటారు. మా ఇంట్లో ఆ చిక్కు లేదు. కుటుంబ నియంత్రణ శాఖ కలలో కూడా ఊహించని కార్యకర్త మా అత్తగారు.

అప్పటికి నాకు పాలు సమృద్ధిగా ఉండేవి. మధ్యాహ్నం పన్నెండయ్యేసరికి ల్యాబులో చేపుకొచ్చి రవిక తడిసిపోయేది. పైట నిండుగా కప్పుకుని, ఎండలో క్యాంపస్ దాటి ఇంటికి పరుగెత్తి, పాపకు పట్టి, మళ్లీ పరుగెత్తుకొచ్చేదాన్ని. దారి పొడుగునా చెట్లే కాబట్టి దాన్ని ఎండ అనడం అన్యాయమే. మా అత్తగారు మాత్రం ఎండ అనే అనేవారు.

రెండు వారాలు దాటాక ఒక రోజు మధ్యాహ్నం గడియారం చూసుకుంటే ఒంటిగంట. రవిక పొడిగా ఉంది. సిగ్గు విడిచి చెబుతున్నాను, సంతోషించాను. ఒళ్లు పనివేళలకు అలవాటు పడిందనుకున్నాను. ఇంటికి వెళ్లేసరికి పాప ఏడ్చి ఏడ్చి వెక్కిళ్లు పెడుతోంది. రొమ్ము నోట్లో పెడితే రెండు నిమిషాలు లాగి, వదిలేసి, నా ముఖంలోకి చూసింది. షాపులో సరుకు నిండుకుందంటే జనం చూస్తారే, అలా. తర్వాత మళ్లీ ఏడుపు.

"ఏమ్మే, పాలు తగ్గినట్టుండాయే?" అన్నారు అత్తగారు.

ఇక వైద్యం మొదలైంది. పచ్చి బొప్పాయి కూర, మెంతుల గంజి, పొద్దునా సాయంత్రం వెల్లుల్లి కారం. ల్యాబులో నా పక్క బల్ల అమ్మాయి కిటికీ దగ్గరికి మారింది. ఇంటావిడ దిష్టి తగిలిందేమోనని అత్తగారికి అనుమానం. ఇంటావిడ మాత్రం ఆదివారం చర్చిలో మా పాప కోసం ప్రార్థన చేయించి, కొబ్బరినూనె సీసా తెచ్చిచ్చింది. ఇద్దరూ కలిసి నా వీపుకి నూనె రాస్తూ, నేనక్కడ లేనట్టు మాట్లాడుకునేవారు.

"గింత సన్నగున్నది, పాలెక్కడికెల్లి వస్తయమ్మా?"

"సన్నం గాదు మే, ఎండకు తిరిగి తిరిగి ఇంకిపోయినాయి. మాత్రలు గూడ ఏయిస్తాండా. అవి లేకుంటే ఈ మాత్రం గూడ ఉండేవి గాదు."

ఎర్ర మాత్రల వారం వచ్చింది. ఆ వారం పాప కొంచెం కుదురుగా తాగింది. తెల్ల మాత్రల బలం ఆలస్యంగా ఎక్కుతోందని అత్తగారు తేల్చారు. నేనూ అవునన్నాను. పరిశోధకురాలినని చెప్పుకోవడానికి ఇది గొప్ప ఘట్టం కాదు.

రెండో అట్ట కొనే సమయానికి మా ఆయన ఆఫీసు పని మీద ఊళ్లో లేడు. నేనే వెళ్లి గట్టిగా అడిగి తెచ్చుకున్నాను. ఇంటికి తీసుకెళ్లేముందు పెట్టె పారేయాలి కదా, ల్యాబులో తెరిచాను. లోపల ఎనిమిది మడతల కాగితం. తూకం యంత్రం కుదురుకునేదాకా తోచక విప్పాను. చీమ తలకాయంత అక్షరాలు. ఇంగ్లిషు, హిందీ, ఆఖర్న తెలుగు. పాలిచ్చే తల్లులు డాక్టర్ని అడక్కుండా వాడొద్దని, పాలు తగ్గే అవకాశం ఉందని ఒకటిన్నర వాక్యం. ఎర్రవాటిలో హార్మోను లేదు, వట్టి ఇనుమేనని ఇంకో అర వాక్యం.

రెండుసార్లు చదివాను. తర్వాత తల ఎత్తితే ఎదురుగా కుండీల్లో నా మొక్కలు. ఒక వరసకు మందు, ఒక వరసకు వట్టి నీళ్లు. మందు చల్లిన వరస ఏపుగా, పచ్చగా, పూత లేకుండా ఉంది.

ఆ మధ్యాహ్నమే పాపనెత్తుకుని లాలాగూడలో ఒక లేడీ డాక్టరు దగ్గరికి వెళ్లాను.

"ఎన్ని రోజులైంది వేసుకోబట్టి?"

"ఒక అట్ట నిన్నటితో అయిపోయింది. ఈ రోజు రెండోది మొదలుపెట్టాలి."

"ఎవరిచ్చిన్రు?"

మా అత్తగారు అనబోయి, షాపులో కొన్నామని చెప్పాను.

"ఏం చదువుతున్నవమ్మా నువ్వు?"

చెప్పాను. ఆవిడ నవ్వలేదు. అది ఆవిడ మంచితనం. "వెంటనే ఆపెయ్. రెండు గంటలకొకసారి పాపకు రొమ్మియ్యి. డబ్బా పాలు ఎంత తక్కువిస్తే అంత మంచిది. మళ్ల రావొచ్చు. రాకపోవచ్చు గూడ. కొందరికి ఈ మాత్రల్తోని ఏం కాదు, కొందరికి గిట్లయితది. నువ్వు పొద్దంతా బయట తిరుగుతున్నవ్ గదా, అది గూడ ఉంటది. ఏది ఎంత అని నేను చెప్పలేను," అంది. పాలిచ్చేవాళ్లకు వేరే దారులున్నాయి, కాపర్-టి ఉంది, ఇంజెక్షన్ ఉంది, ఇందులోని రెండు హార్మోన్లలో ఒక్కటే ఉండే మాత్ర పాలను అంతగా ముట్టుకోదు కానీ ఇక్కడి షాపుల్లో దొరకదు అని వివరంగా చెప్పింది. చివర్న చీటీ రాస్తూ, "ఒక్క మాట అడిగుంటే అయిపోతుండె గదమ్మా," అంది, నన్ను కాదు, కాగితాన్ని చూస్తూ.

ఊరి నుంచి వచ్చిన మా ఆయనకు చెప్పాను. ఆయన మంచం మీద కూర్చుని చాలాసేపు తన చేతులు చూసుకున్నాడు.

"అమ్మకు చెప్పేద్దామా?"

"ఏమని? నీ మనవరాలి నోటి దగ్గర పాలు రోజూ నువ్వే నీ చేత్తో తీసేశావనా?"

ఆవిడ తిడుతుందని భయపడి దాచామని ఎవరైనా అనుకుంటే అనుకోనీ, మాకు అదే నయం.

ల్యాబుకి మూడు వారాలు సెలవు పెట్టాను. ఆ కాలపు మొక్కలు ఎవరూ లెక్కపెట్టకుండానే పూసి రాలిపోయాయి. రెండు గంటలకొకసారి పాపకు రొమ్మిచ్చేదాన్ని. సాయంత్రం దీపం పెట్టగానే అత్తగారు యథాప్రకారం పాలగ్లాసుతో వచ్చి, నేను మింగేదాకా ఎదురుగా నిలబడేవారు. మాత్రను నాలుక కింద దాచి, పాలు తాగి, పెరట్లోకి వెళ్లి ఇంటావిడ మల్లెచెట్టు మొదట్లో ఉమ్మేసేదాన్ని. ఆ ఏడు మల్లె సరిగా పూయలేదని తర్వాత ఇంటావిడ అంది. నేను నమోదు చేసుకోలేదు.

"రెండేసి ఏసుకుంటే ఏమైతాది మే?" అని అత్తగారు ఒక రోజు అడిగారు. పాప ఏడుపు వినలేక ఆవిడ కళ్లు ఎర్రబడి ఉన్నాయి. "ఒకటి నీకు సాలడంల్యా."

మొదటి వారం ఏమీ రాలేదు. రెండో వారంలో ఒక రోజు నాలుగు చుక్కలు కనిపించాయి. మా ఆయన్ని పిలిచి చూపించాను. ఆయన ఆఫీసుకి ఆలస్యంగా వెళ్లాడు. మర్నాడు రెండు చుక్కలు. ఆ మర్నాడు ఏమీ లేదు. ఈలోపల పాప బరువు తగ్గకుండా సీసా పట్టక తప్పలేదు. సీసాలో పాలు అడగకుండానే వస్తాయి. మనుషులెవరైనా ఏం చేస్తారు? మూడో వారం చివరికి నేను ఒళ్లోకి తీసుకోగానే పాప వీపు విల్లులా వంచి, చేతుల్తో నన్ను వెనక్కి తోసి, సీసా ఉండే కిటికీ వైపు చూసేది. ఆఖరిసారి నా దగ్గర ఏ రోజు తాగిందో నాకు తెలియదు. మొక్కలకైతే రాసుకునేదాన్ని.

మళ్లీ డాక్టరు దగ్గరికి వెళ్లాను. ఆవిడ చూసి, "పోనీలే, పాప మంచిగనే ఉన్నది," అంది. తర్వాత, "ఇప్పుడైతే ఆ మాత్రలే వేసుకోవచ్చు, ఏం ఇబ్బంది లేదు," అంది. నిజమే. పాలు లేనిచోట తగ్గడానికేముంది. నాలుక కింద దాచే పని తప్పింది. డాక్టరు చెప్పిన రోజు నుంచి లెక్కగా మింగడం మొదలుపెట్టాను. పాలు పోయినా అత్తగారు మాత్రలు ఆపనివ్వలేదు.

"ఇడిసిపెట్టకుండా ఏసుకో మే. ఎప్పుడో ఒగనాడు పడతాయి."

ఆవిడ డోన్ తిరిగి వెళ్లాల్సిన సమయం వచ్చింది. మా ఆడబిడ్డకు తొమ్మిదో నెల, పురుడు అక్కడే. పాపను పగలు ఇంటావిడ చూసుకుంటానంది. సీసా పాలు ఎవరైనా పట్టొచ్చు, అదొక సౌకర్యం. మూటలు కట్టుకుంటూ అత్తగారు అన్నారు:

"ఆ మాత్రలు నాలుగు అట్టలు తెప్పించు మే. పిల్లకు పురుడైన రోజు నుంచే ఏయిస్తా. నీకు ఆలస్యమై పాయె, అందుకే పట్టలేదు. ఎర్రవి వద్దు, దానికి రక్తం బాగానే ఉండాది. తెల్లవి చాలు."

చెప్పడానికి నాకు దొరికిన రెండో అవకాశం అది. మొదటిది అర నిమిషం. ఇదైతే రెండు రోజులు. మా ఆయన నా ముఖం చూశాడు, నేను ఆయన ముఖం చూశాను. మర్నాడు షాపుకి వెళ్లి తెల్లటి కాల్షియం మాత్రలు కొన్నాను. ల్యాబులో విత్తనాలు పోసుకునే సీసా ఒకటి కడిగి ఆరబెట్టి, వాటిని అందులో పోసి, పైన నా చేతిరాతతో "పాలకి" అని రాసి అతికించాను. మూడేళ్లలో నేను రాసిన లేబుళ్లలో అదే ముత్యాల్లా వచ్చింది. కాచిగూడ స్టేషన్లో రైలెక్కాక కూడా అత్తగారు ఆ సీసాను సంచిలో పెట్టలేదు, కొంగున కట్టుకున్నారు.

రెండు నెలలకు డోన్‌లో ఆడబిడ్డ కొడుకుని తొట్లో వేస్తుంటే వెళ్లాం. మా పాపకు ఏడో నెల. ఆడబిడ్డకు పాలే పాలు. పిల్లవాడు తాగింది పోను మిగిలింది పిండి పారబోస్తోంది. వీధిలోని ఆడవాళ్లందరి మధ్యలో కూర్చుని అత్తగారు ఆ సీసా చూపిస్తూ చెబుతున్నారు.

"నా కోడలు తెచ్చిచ్చింది. సదువుకున్న పిల్ల, దానికన్నీ తెలుస్తాయి. పాపం, దాని ఒంటికే పట్టలేదు."

అందరూ నా వైపు తిరిగి చూశారు. జాలిగానే చూశారు. అప్పుడే మా పాప నా ఒళ్లో ఏడుపు అందుకుంది. నేను సంచిలో సీసా కోసం వెతుకుతుంటే అత్తగారు పాపను ఎత్తుకుని వెళ్లి కూతురి ఒళ్లో పెట్టారు.

"ఈ బిడ్డకూ ఇయ్యి. నీకు ఎక్కువైపోతాండాయి గదా."

మా ఆడబిడ్డ మంచి పిల్ల. వెంటనే కొంగు జరిపి పాపను దగ్గరికి తీసుకుంది. పాప ఏడుపు ఆపి, ఎదురుగా ఉన్నదాన్ని ఒక క్షణం చూసింది. వేలితో తాకింది. అదేంటో, దేనికో తెలిసినట్టు లేదు. ఒక పాల చుక్క బుగ్గ మీద పడితే చేత్తో తుడుచుకుని, నా సంచి కేసి తిరిగి గుక్కపట్టి ఏడ్చింది.

"పట్నం బిడ్డ, సీసా కావల్ల," అని ఎవరో నవ్వారు. నేను సీసా తీసి నోట్లో పెట్టాను. ఊరుకుంది.

కడుపుతో ఉన్న పక్కింటి అమ్మాయి నా దగ్గరికి జరిగి, "అక్కా, ఆ మాత్రల పేరు చెప్పవా?" అంది. గుర్తులేదు, నేనే పంపిస్తానన్నాను. పంపించాను కూడా. ఆ తర్వాత రెండేళ్లు ఆ వీధి బాలింతలకు కాల్షియం నేనే సరఫరా చేశాను. ఎవరికీ పాలు తక్కువ కాలేదట. మందు చల్లని వరస ఎప్పుడూ బాగానే ఉంటుంది.

తొట్లో వేసిన ఆ సాయంత్రం దీపం పెట్టాక అత్తగారు నా సంచిలోంచి నా అట్ట తీసుకుని వచ్చారు. ఒక చేతిలో పాలగ్లాసు, ఇంకో అరచేతిలో తెల్ల మాత్ర. నా పక్కనే కూర్చుని వీపు మీద చెయ్యేశారు.

"మాత్రలు మంచివే మే. నీ తప్పు గూడ ఏమీ ల్యా. కొందరి ఒళ్లు అంతే. నువ్వు మాత్రం ఇడిసిపెట్టొద్దు. ఏసుకో."

పాప ఆవిడ ఒళ్లో నిద్రపోతోంది. మాత్ర తీసుకుని మింగాను.

"మింగినావా?" అన్నారు.

ఊఁ అన్నాను.